కింది తాతగారి పుస్తకాలు

గుడి మెట్ల పక్కన నీలిరంగు ప్లాస్టిక్ పెట్టె ఒకటి పెట్టారు. పాత దేవుడి పటాలు, క్యాలెండర్లు, చిరిగిన పూజా పుస్తకాలు ఇందులో వేయమని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అతికించారు. ఆష్‌బర్న్‌లో మా ఇంటికి దగ్గర్లోని గుడి అది. నవరాత్రులకు ముందు ఇళ్ళు దులుపుకున్నట్టున్నారు అందరూ, పెట్టె అప్పటికే నిండిపోయింది. పైన ఒక లక్ష్మీదేవి పటం అద్దం పగిలి బోర్లా పడి ఉంది.

నా చేతిలో గుడ్డసంచి ఉంది. అందులో మా నాన్న పుస్తకాలు. నాన్న పోయి ఏడాది కావస్తోంది. అంచులు పొడిపొడిగా రాలుతున్న ఆ పుస్తకాలను మా ఇంట్లో చదివేవాళ్ళు లేరు.

"ఇవి ఎక్కడికి తీసుకెళ్తారమ్మా?" అని పక్కన వాలంటీర్ బ్యాడ్జీ పెట్టుకుని నిలబడ్డ హైస్కూలు పిల్లను అడిగాను.

"నాకు నో ఐడియా ఆంటీ. సండే ట్రక్ వస్తుంది, దే టేక్ ఇట్." నేను కదలకపోయేసరికి నవ్వింది. "డోంట్ వర్రీ ఆంటీ. చాలా రెస్పెక్ట్‌ఫుల్‌గా చేస్తారు."

ఆ మాట విన్నాక ఆ సంచి పెట్టెలో వేయలేకపోయాను. తీసుకొచ్చి కారు వెనక సీట్లో పెట్టి, స్టీరింగ్ ముందు కాసేపు ఊరికే కూర్చున్నాను. పసుపు వాసన వచ్చినట్టనిపించింది. గుడిలోంచి వచ్చిందో, పాతకాలం నుంచి వచ్చిందో చెప్పలేను.

మేం అమెరికాలో మొదట కాపురమున్నది నది ఒడ్డున ఒక పాత మిల్లుల ఊళ్ళో. పెట్రోలు కోసం కార్లు వీధి మలుపు దాకా బారులు తీరిన రోజులవి. రెండంతస్తుల చెక్క ఇల్లు. పైన మేము, కింద ఇంటివాళ్ళు. వాళ్ళు యూదులు, ముసలి దంపతులు. ఆయన దర్జీ పని చేసి మానేశారు. అమ్మ వాళ్ళను కింది తాతగారు, కింది మామ్మగారు అనేది. నేనూ అలాగే అనేదాన్ని. ఆ పిలుపుకు అర్థమేమిటని మామ్మగారు ఒకసారి అడిగింది. చెబితే చాలా సంతోషించింది. "నా సొంత మనవలు నాకు ఫోన్లో హలో అంటారు, అంతే" అంది.

మొదటి వారంలోనే గొడవ వచ్చింది. అమ్మ ఇంగువ పోపు పెట్టింది. కింద నుంచి చీపురుకర్రతో కప్పు మీద టకటకా కొట్టారు. నాన్న పరుగెత్తుకుంటూ దిగి వెళ్ళాడు.

"ఇంజనీర్, పైన గ్యాస్ లీక్ అవుతోందా, ఎవరైనా చచ్చిపోయారా?" అని మామ్మగారు ముక్కుకు ఏప్రన్ అడ్డుపెట్టుకుని అడిగింది. నాన్న రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వాళ్ళిద్దరూ చివరిదాకా నాన్నను ఇంజనీర్ అనే పిలిచారు.

"చారు అండీ" అన్నాడు నాన్న. ఇంకేం చెప్పాలో తెలియక.

ఆరు నెలలు తిరిగేసరికి, పోపు వాసన రాని రోజున మామ్మగారు మెట్లెక్కి వచ్చి "ఇవాళ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగేది. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళింట్లో జడలా అల్లిన రొట్టె కాలుతుంటే ఆ వాసన మెట్ల మీదుగా మా ఇంట్లోకి వచ్చేది. స్కూలు నుంచి రాగానే నేను పైకెళ్ళకుండా కింది మెట్టు మీదే కూర్చుండిపోయేదాన్ని. రొట్టె కొస నాకే ఇచ్చేది. అమ్మ పైనుంచి "అడుక్కున్నట్టు అక్కడ కూర్చోకే, పరువు తీస్తున్నావు!" అని అరిచేది. తెలుగులో అరిచినా మామ్మగారికి బోధపడేది. "అమ్మలందరూ ఒకే భాషలో అరుస్తారు" అనేది.

గురువారం సాయంత్రాలు తాతగారివి.

ఆ వీధి చివర ఇటుకల గుడి ఒకటి ఉండేది వాళ్ళది. చిన్నది. అక్కడ ప్రతి శనివారం తోరా చదివేది ఆయనే. తోరా అంటే ఐదు పుస్తకాలు, అన్నీ ఒకే పొడుగాటి తోలు చుట్ట మీద చేత్తో రాసి ఉంటాయి. దాన్ని వారానికొక భాగం చొప్పున ఏడాదంతా చదువుతారు. ఆ చుట్టలో అక్షరాలకు అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులుండవు. మన తెలుగును గుడి, కొమ్ము, ఏత్వం ఏమీ లేకుండా రాసి, తప్పు పోకుండా పాడమంటే ఎలా ఉంటుందో అలా అన్నమాట. అందుకని చదివేవాళ్ళు అచ్చు పుస్తకం దగ్గర పెట్టుకుని వారమంతా సాధన చేసి కంఠతా పట్టాలి. గురువారం సాయంత్రం తాతగారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాడేవారు. ఆ గొంతు వేడినీళ్ళ గొట్టాల వెంట పాకి మా వంటింట్లోకి వచ్చేది.

"మా ఊళ్ళో శాస్త్రిగారు వేదం పనస చెప్పినట్టుందండీ" అనేది అమ్మ, కూర తరుగుతూ.

ఒకచోట తప్పితే ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టేవారు. తప్పిన చోట మామ్మగారి గొంతు వినబడేది, సరిదిద్దుతూ. ఆడవాళ్ళను ఆ గుడిలో చదవనివ్వరు. కానీ నలభై ఏళ్ళు గురువారాలు విన్న ఆవిడకు అంతా వచ్చు.

"గుడిలో పేరు ఈయనది, తప్పులు దిద్దేది నేను" అంది అమ్మతో ఒకసారి.

"మా ఇంట్లోనూ అంతేనండీ" అంది అమ్మ తన వచ్చీరాని ఇంగ్లీషులో. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

తాతగారి అచ్చు పుస్తకం నల్లటిది. అట్టలు ఊడిపోతే దారం కట్టారు. దానికి మామ్మగారు ముదురెరుపు వెల్వెట్‌తో సంచి కుట్టి, మీద బంగారు దారంతో ద్రాక్షగుత్తి కుట్టింది. ఆ పుస్తకం ఆయన తండ్రిదట. సముద్రం దాటి వచ్చినప్పుడు ఆయన వెంట వచ్చింది అదొక్కటే. "మా ఊళ్ళో నాకిప్పుడు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఈ పుస్తకానికి మాత్రం నేను తెలుసు" అనేవారు. పేజీల మూలలు వేళ్ళ తడికి నల్లబడి, కొన్నిచోట్ల అక్షరాలే పోయాయి. అక్కడ ఆయన కళ్ళు మూసుకుని పాడేవారు.

మామ్మగారికి ఆ పుస్తకమంటే ఒక రకం ఉక్రోషం. వరండాలో అమ్మ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తూ ఒక రోజు అంది: "అది పుస్తకం కాదమ్మా, నా సవతి. ప్రతి గురువారం నన్నొదిలేసి దాని పక్కన కూర్చుంటాడు. నేను పోయాక దాన్ని కూడా నాతోనే పెట్టమన్నాను. అప్పుడన్నా నా దగ్గరికి వస్తాడు."

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. తాతగారు మాత్రం నవ్వలేదు. "సరే" అన్నారు.

ఆ "సరే" వెనక ఏముందో మాకు తర్వాత తెలిసింది. వాళ్ళలో చదవడానికి పనికిరాకుండా పోయిన దేవుడి పుస్తకాన్ని పారేయరు, కాల్చరు. మనిషిని పాతిపెట్టినట్టు శ్మశానంలో పాతిపెడతారు. దేవుడి పేరున్న అక్షరాన్ని చెరపడం వాళ్ళకు మహాపాపం. మామ్మగారు అడిగింది పరిహాసంగా కాదు. ఆయన ఒప్పుకున్నదీ పరిహాసంగా కాదు.

శరదృతువు వచ్చిందంటే కింద పండగల మీద పండగలు. ఆకులు ఎర్రబడేసరికి వాళ్ళ సంవత్సరాది. ఆపిల్ ముక్కలు తేనెలో ముంచి నా నోట్లో పెట్టేది మామ్మగారు, ఏడాదంతా తియ్యగా ఉండాలని. ఆ తర్వాత కొద్దిరోజులకు ఉపవాసం. "నీళ్ళు కూడా తాగరట! మన ఏకాదశి వీళ్ళ ముందు ఏపాటి?" అని అమ్మ ఆ ఒక్క రోజు పోపు పెట్టకుండా, కిందికి వాసన వెళ్ళకుండా, మాకు పెరుగన్నం పెట్టేది. ఉపవాసం విప్పాక వాళ్ళిద్దరూ టీ తాగుతుంటే మామ్మగారు పైకి చూసి "ఇప్పుడు పెట్టుకోవచ్చు మీ గ్యాస్ లీకు!" అని కేక వేసేది.

ఆ వెంటనే పెరట్లో పందిరి. పాత తలుపులు, కాన్వాసు గుడ్డ చుట్టూ కట్టి, పైన మొక్కజొన్న చొప్ప పరిచేవారు. ఆ కప్పులోంచి నక్షత్రాలు కనబడాలి, అది నియమం. వారం పాటు అందులోనే భోజనాలు. "పెళ్ళి పందిరి వేసి పెళ్ళికూతురిని మరిచిపోయారు" అనేవాడు నాన్న. మా గిన్నెల్లో వండింది వాళ్ళు తినరు కాబట్టి అమ్మ తెలివిగా కొయ్యని అరటిపళ్ళు, పగలగొట్టని కొబ్బరికాయ తీసుకెళ్ళేది. తాతగారు సుత్తితో కొట్టబోతే నాన్న అడ్డుపడి, పెరట్లో రాయి మీద ఒక్క దెబ్బకు చెక్కలు చేసి చూపించాడు. ఇంజనీరు చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చిందని తాతగారు మెచ్చుకున్నారు.

ఆ పండక్కి నారలో చుట్టిన ఒక పసుపుపచ్చ కాయ తెప్పించేవారు, ఎక్కడో విదేశం నుంచి. మచ్చ ఉండకూడదు, తొడిమ విరగకూడదు. వెండి పెట్టెలో పెట్టి పసిపిల్లను చూపించినట్టు చూపించారు మాకు. అమ్మ వాసన చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఏవండీ! దబ్బకాయ!" అంది. ఆ ఊరికి వచ్చాక అమ్మ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. "పండగయ్యాక ఏం చేస్తారో అడగండి. ఊరగాయ పెడతాను."

"భార్యగారు ఏమంటున్నారు?" అన్నారు తాతగారు.

"చాలా పవిత్రంగా ఉంది అంటోంది" అన్నాడు నాన్న.

పండగయ్యాక మామ్మగారే ఆ కాయను సగానికి కోసి ఇచ్చింది. కింద జామ్ ఉడికింది, పైన ఊరగాయ ఊరింది. ప్రతి ఏడూ అలాగే జరిగేది.

ఆ వారం చివర ఇంకో పండగ. ఆ రోజు తోరా చుట్టలో చివరి భాగం చదివి, ఊపిరి తీసుకోకుండా మళ్ళీ మొదటి భాగం మొదలుపెడతారు. గుడిలో చుట్టలు ఎత్తుకుని ముసలివాళ్ళు గంతులు వేస్తుంటే నేను కిటికీలోంచి చూశాను. నాకు చాక్లెట్లు విసిరారు. "అయిపోయింది అనడానికి మాకు వీల్లేదు. అయిపోయిన రోజే మొదలవ్వాలి" అన్నారు తాతగారు.

మామ్మగారు వసంతకాలంలో పోయింది. మంచు కరుగుతున్న రోజులు. వంటింట్లో కూలబడిపోయింది, అంతే. మరునాడే పాతిపెట్టేశారు. వాళ్ళలో ఆలస్యం చేయరు. పుస్తకం మాత్రం ఆవిడ పక్కన పెట్టలేదు. ఏడాది చదువు మధ్యలో ఉంది. ఆ ఏడు చివరిదాకా ఆ పుస్తకంలోంచే చదివి, శరదృతువులో పండగలయ్యాక తీసుకెళ్ళి ఇచ్చేస్తానని ఆవిడకు మనసులో చెప్పుకున్నారట.

ఆ వేసవిలోనే వీధి చివరి గుడి మూసేశారు. పదిమంది మగవాళ్ళు లేనిదే చుట్ట విప్పకూడదు. కొందరు పోయారు, కొందరు ఫ్లోరిడా వెళ్ళారు, పిల్లలు సబర్బుల్లోకి మారారు. ఒక శనివారం తొమ్మిదిమందే వచ్చారట. తాతగారు మా నాన్నను వరండాలో పట్టుకున్నారు.

"ఇంజనీర్, ఒక్క గంట యూదుడివి కాకూడదూ?"

"మా ఆవిడ ఊరుకోదండీ" అన్నాడు నాన్న.

ఆయన నవ్వారు గానీ, లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. చుట్టలు దూరంగా ఉన్న పెద్ద గుడికి ఇచ్చేశారు. బీరువాలో ఏళ్ళ తరబడి పోగుపడిన చిరుగు పుస్తకాలు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయాయి. వాటిని తాతగారూ, ఆ గుడి తాళాలు చూసుకునే ఆయన పాత స్నేహితుడూ అట్టపెట్టెల్లో మా ఇంటి బేస్‌మెంట్‌కు చేర్చారు.

ఆ శరదృతువులో కూడా గురువారాలు ఆయన పాడారు. శనివారం చదవడానికి గుడి లేదు, వినడానికి మనిషి లేడు. తప్పిన చోట ఆగి ఎదురుచూసేవారు. సరిదిద్దే గొంతు లేదు. "ఎవరికోసమండీ పాపం" అని అమ్మ తరుగుడు ఆపి కూర్చునేది. పందిరి నాన్నా నేనూ సాయం చేసి వేశాం. దబ్బకాయను ఆ ఏడు ఆయన కొయ్యకుండా మొత్తం అమ్మ చేతిలో పెట్టారు.

చివరి పండగ రోజు వరండాలో ఒక్కరే నిలబడి, ముగింపు చదివి మొదలు చదివారు. పుస్తకానికి దారం కట్టి, వెల్వెట్ సంచిలో పెట్టి, బేస్‌మెంట్‌కు దిగి అట్టపెట్టెలో పెట్టివచ్చారు. వచ్చే వారం స్నేహితుడితో కలిసి శ్మశానానికి వెళ్ళాలని అనుకున్నారట.

మరునాడు, నాన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా ఆగకుండా, స్టూలెక్కి పందిరి విప్పబోయి పడ్డారు. తుంటి విరిగింది. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే అమ్మ స్వెటరు తెచ్చి కాళ్ళ మీద కప్పింది.

తర్వాతి వారమంతా వాన. బేస్‌మెంట్‌లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నాన్న బూట్లేసుకుని దిగి చూస్తే అట్టపెట్టెలు నాని, విచ్చుకుని, పుస్తకాలు ఉబ్బిపోయి ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఉన్న తాతగారి కొడుక్కి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి వచ్చి తడి బూట్లు విప్పాడు.

"ఏమన్నాడండీ?"

"మోల్డ్ వస్తుందట, బూజు. అంతా కర్బ్ మీద పెట్టేయమన్నాడు. చెత్తబండి తీసుకుపోతుందట."

"దేవుడి పుస్తకాలండీ!" అంది అమ్మ.

"అదే కదా."

"తాతగారిని అడిగితే?"

"ఆపరేషన్ అయిన మనిషి. ఇప్పుడీ మాట చెప్పి కంగారు పెట్టడం దేనికి?"

అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ మాట చెడ్డవాళ్ళు అనే మాట కాదు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు జబ్బు చేస్తే నిజం మొదట దాచేది వాళ్ళ దగ్గరే.

నాన్న స్నేహితుడొకాయనకు స్టేషన్ వ్యాగన్ ఉండేది. కరీంనగర్ వైపు మనిషి. నేను అంకుల్ అనేదాన్ని. ఆయన వచ్చి తడి పుస్తకాలు చూసి తల పట్టుకున్నాడు.

"అరె భాయ్, చెత్తల ఎట్లేస్తం? పాపం తగులది? మనింట్ల పాత పటాలేం జేస్తం? గోదాట్ల కలుపుతం గద. గట్లనే చేద్దాం. నది ఉండనే ఉండె."

"ఆ నదా? మా ఫ్యాక్టరీ నీళ్ళన్నీ అందులోకే పోతాయి."

"మనసుల గోదారనుకుంటె గోదారే. నువ్వు మోయి ముందు."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. చెయ్యాల్సినది తెలిసినట్టయింది. ఆదివారం పొద్దున్నే అమ్మ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, దాని మీద చలికోటు వేసుకుంది. పసుపు, కుంకుమ, సూపర్‌మార్కెట్‌లో కొన్న చామంతులు పళ్ళెంలో పెట్టుకుంది. వెల్వెట్ సంచిని మాత్రం విప్పింది. "మామ్మగారు చేత్తో కుట్టింది. ఇది ఆరబెట్టి ఉంచుదాం, ఆయనకు గుర్తుగా ఉంటుంది" అంది. నల్ల పుస్తకాన్ని తీసి పెట్టెలో మిగతావాటి మీద పెట్టింది.

మిల్లు వెనక ఒడ్డు దగ్గర దిగాం. నాన్న చెప్పులు విడిచి, ఆ చలిలో నీళ్ళలోకి దిగాడు. ఒక్కో పుస్తకాన్నీ కళ్ళకద్దుకుని నీటిలో వదిలాడు. అమ్మ చామంతి రేకలు చల్లింది. నాన్న తనకొచ్చిన నాలుగు శ్లోకాలూ చెప్పాడు. కొంచెం దూరంలో చేపలు పడుతున్న ఒకాయన "ఏయ్, ఏం పారేస్తున్నారక్కడ?" అని అరిచాడు. "హోలీ బుక్స్ సార్! వెరీ హోలీ!" అని అంకుల్ గట్టిగా జవాబిచ్చాడు.

పుస్తకాలు వెంటనే మునగలేదు. విచ్చుకుని, పేజీలు రెక్కల్లా తెరుచుకుని కొంతదూరం తేలాయి. అంకుల్ కర్రతో నెట్టాడు. నల్ల పుస్తకం దారం ఊడి రెండుగా చీలి, సగం ఒకవైపు, సగం ఇంకోవైపు వెళ్ళింది. నీళ్ళు ఆ రోజు ఊదారంగులో ఉన్నాయి. నాన్న ఒడ్డెక్కి చేతులు జోడించాడు. చాలా మంచి పని చేసిన మనిషి ముఖం అది. అలాంటి ముఖంతో నాన్నను నేను మళ్ళీ చూడలేదు.

అటునుంచటే ఆస్పత్రికి వెళ్ళాం. తాతగారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"ఇల్లెలా ఉంది ఇంజనీర్?"

"ఫస్ట్ క్లాస్. బేస్‌మెంట్‌లో కొంచెం నీళ్ళొచ్చాయి. అంతా మేం చూసుకున్నాం. మీరేం వర్రీ అవకండి."

"రావాల్సిన వారమే లే" అని ఆయన నా వైపు తిరిగి కన్ను గీటారు. "ఆ వారం తోరాలో చదవాల్సింది ప్రళయం కథ." అమ్మ అరటిపండు ఒలిచి ఇచ్చింది. అమ్మ వేళ్ళకు పసుపు ఇంకా ఉంది. "అంతా చూసుకున్నారుగా" అని ఆయన మళ్ళీ అన్నారు. "అయితే బెంగలేదు."

వాకర్ ఫ్రేము పట్టుకుని తాతగారు ఇంటికొచ్చింది చెట్ల ఆకులన్నీ రాలిపోయాక. వచ్చిన సాయంత్రమే అడిగారు. మేం ముగ్గురం ఆయన వంటింట్లోనే ఉన్నాం.

"పెట్టెలు పైకి తెచ్చారా? తడవలేదుగా?"

నాన్న చెప్పాడు. కొడుకు మాట చెప్పాడు, చెత్తలో వేయడానికి చేతులు రాలేదని చెప్పాడు. మా దేశంలో పవిత్రమైనవాటిని ఎలా సాగనంపుతామో, ఎలా స్నానాలు చేసి వెళ్ళామో, పువ్వులు ఎలా వేశామో అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయన ముఖం చూసి ఆగిపోయాడు.

"నీళ్ళలో" అన్నారు తాతగారు.

"అవును సార్."

"నల్లది? దారం కట్టినది?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ గబగబా మేడ మీదికి పరిగెత్తి, ఇస్త్రీ చేసి మడతపెట్టిన వెల్వెట్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని విప్పి, చెయ్యి లోపల పెట్టి, మూలల దాకా తడిమారు. ఖాళీ చెయ్యి బయటికి తీశారు.

"నలభై ఏళ్ళలో ఆవిడ నన్నడిగింది ఒక్కటే" అన్నారు. మామ్మగారికిచ్చిన మాటా, పండగలయ్యేదాకా ఆగడం, పాతిపెట్టడం అన్నీ అప్పుడే చెప్పారు, ఎవరి వైపూ చూడకుండా. అమ్మ కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. "ఆవిడ నవ్వుతూ అంది కదండీ" అంది తెలుగులో, నాన్నతో. "నవ్వుతూనే అంది కదండీ!"

నాన్న క్షమించమన్నాడు. ఎన్నిసార్లన్నాడో. తాతగారు కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది.

"మా అబ్బాయి చెత్తలో వేయమన్నాడు. నువ్వు నదిలో వేశావు. నీది చాలా మర్యాద, ఇంజనీర్, అది నాకు తెలుస్తోంది." సంచిని మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను ఆస్పత్రిలో ఉన్నాను. నా కాలు విరిగింది, నోరు కాదు. నన్ను ఒక్కరూ అడగలేదు."

నేల గడ్డకట్టకముందే శ్మశానానికి వెళ్ళాం. పుస్తకాన్ని చుట్టిన గుడ్డ కూడా వాళ్ళకు పుస్తకమంత పవిత్రమే, దాన్నీ పాతిపెట్టాలి. కారు నడపడానికి నాన్నను రమ్మన్నారు. మాకంటే ముందే వచ్చిన గుడి తాళాలాయన అప్పటికే మామ్మగారి సమాధి అంచున గొయ్యి తవ్వి, పార మట్టికుప్పలో గుచ్చి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. తాతగారు ఖాళీ సంచిని గుండెకు ఆనించుకుని తెచ్చి, వంగలేక నా చేతికిచ్చారు. నేనే దాన్ని గొయ్యిలో పెట్టాను. బంగారు ద్రాక్షగుత్తి పైకి కనబడేలా పెట్టాను.

ఆయన పార తీసుకుని, ఫ్రేముకు ఆనుకుని, మూడుసార్లు మట్టి వేశారు. నాన్న ముందుకొచ్చి, ఆ పార అందుకోవడానికి రెండు చేతులూ చాచాడు.

తాతగారు ఆ చేతుల వైపు చూశారు. పారను చేతికివ్వలేదు. మట్టిలో గట్టిగా గుచ్చి, పక్కకు జరిగి నిలబడ్డారు.

నాన్న చేతులు కాసేపు అలాగే ఉండి, కిందికి దిగాయి. వెనక్కి వచ్చి కారు దగ్గర నిలబడ్డాడు. పార చాలాసేపు అలా మట్టిలో నిలువుగా ఉంది. తాతగారు ఒకసారి కారు వైపు చూశారు. చివరికి తాళాలాయన వచ్చి గొయ్యి పూడ్చాడు.

ఆ తర్వాత గురువారాలు గొట్టాల్లో నీళ్ళ చప్పుడే వినిపించేది. అమ్మ పోపు పెట్టినా కింద నుంచి ఏ మాటా లేదు. ఎదురైతే తలుపు పట్టుకుని మర్యాదగా దారి ఇచ్చేవారు తాతగారు. ఆయన ఇచ్చిన దబ్బకాయ ఊరగాయ జాడీ ఎవరూ మూత తీయక బూజు పట్టింది. చలికాలం చివర కొడుకు వచ్చి ఆయనను కాలిఫోర్నియా తీసుకెళ్ళాడు. ఇల్లు అమ్మేశారు. మేమూ వేరే ఊరు వెళ్ళిపోయాం.

నాన్నకు జీవితంలో ఇంకా పెద్ద దెబ్బలు తగిలాయి. ఉద్యోగం పోయింది, అమ్మ పోయింది. కానీ ఆకులు ఎర్రబడేసరికి ఏదో ఒక రోజు, టీ కప్పు చేతిలో పెట్టుకుని, సంబంధం లేకుండా అనేవాడు: "పార చేతికివ్వలేదమ్మా." నేను ఏదో ఒకటి చెప్పి మాట మార్చేదాన్ని. "మట్టి వెయ్యడానిక్కూడా పనికిరానని" అనేవాడు.

పోయిన శీతాకాలం, నాన్న పోయిన కొన్ని నెలలకు, పత్రికాఫీసులో నాతో ఎన్నో ఏళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేసిన పెద్దాయన అంత్యక్రియలకు వెళ్ళాను. యూదుల శ్మశానం. ఒక్కొక్కరూ మూడేసి పారల మట్టి వేసి, పారను మట్టికుప్పలో గుచ్చి పక్కకు జరుగుతున్నారు. ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకోవడం లేదు. ఎందుకని పెద్దాయన కూతుర్ని అడిగాను.

"చేతి నుంచి చేతికి ఇవ్వం" అంది. "దుఃఖం ఒకరు ఇంకొకరికి అందించినట్టవుతుందని. నేలలో గుచ్చితే, వచ్చి తీసుకోమని అర్థం. తర్వాతి వంతు మీదే."

చెప్పేసి, ఆ పార వైపు చూపించింది. నేను కదల్లేకపోయాను.

నాన్న పుస్తకాల సంచి ఇంకా కారు వెనక సీట్లోనే ఉంది. మలుపుల్లో ఒక పక్కకు ఒరిగి చప్పుడు చేస్తుంది. వీటిని ఏం చేయమంటావని నాన్నను ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. ఆస్పత్రిలో ఉన్న మనిషిని ఆ మాట అడిగి కంగారు పెట్టడం ఎందుకని, మేమెవరం అడగలేదు.